ఏడు ముడుల నడికట్టు

1927వ సంవత్సరం నవంబరు నెల పద్నాలుగవ తేదీ, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల వేళ, అరకు లోయకు ఎగువనున్న మంచుగూడలో డిప్యూటీ తహసీల్దారుగారి బంగళా వరండాలో నలుగురు ఉన్నారు. డిప్యూటీ తహసీల్దారు సర్వేశ్వరరావు. ఆయన భార్య సత్యకుమారి. కచేరీ గుమస్తా వరహాలరావు. బిళ్ళ బంట్రోతు అప్పన్న. నీలవేణి అనే ఐదవ మనిషి కూడా వచ్చింది గాని, ఆమెను మెట్ల దగ్గరే ఆపి వెనక్కు పంపివేసినందువల్ల హాజరైనవారిలో ఆమెను చేర్చటానికి వీలులేదు. తరువాత జరిగిన అనర్థమంతా ఆ వీలులేకపోవటంలోనే ఉంది.

నీలవేణి మూడు మైళ్ళ ఎగువనున్న పనసగూడ మనిషి; ఆ ఊరిపెద్ద భీముడికి కోడలు. చుట్టుపట్ల అయిదూళ్ళలో పూసలు గుచ్చటంలో ఆమెకు సాటి లేదు. ఆ ఉదయం ఆమె వచ్చింది పూసల కోసం కాదు. మరుసటి సోమవారం, అంటే ఇరవై ఒకటవ తేదీన, ఏజెన్సీ దొరగారు దొరసానితో సహా మంచుగూడ వస్తున్నారు. అక్కడివరకే బండిబాట. అక్కడినుంచి ఎగువ కొండలలో పదిరోజుల మకాముకు వారి సామాను మోయటానికి అయిదూళ్ళ నుంచి అరవైమంది మగవాళ్ళు రావాలని సర్వేశ్వరరావు ఉత్తరువు వేశాడు. మోతకు కూలి లేదు. కచేరీ కాగితాలలో దాని పేరు ‘గ్రామస్థుల సహకారం’. ఊళ్ళలో దాని పేరు వెట్టి. నిరుడు ఇదే నెలలో ఇదే సహకారం జరిగింది. మగవాళ్ళు పెట్టెలు, మడతకుర్చీలు, ఒక రేకు స్నానపుతొట్టి మోసి తిరిగివచ్చేసరికి, కోతకు వచ్చిన చోడి చేలు సగం చిలకల పాలు, సగం వాన పాలు అయ్యాయి. ఆ తరువాత నాలుగు నెలలు పనసగూడ మామిడిటెంకల జావ తాగి బతికింది. స్నానపుతొట్టికి సొట్ట ఎలా పడిందన్న విషయం మీద మాత్రం కచేరీవారు రెండు విచారణలు జరిపారు.

ఈ ఏడు కూడా చేలు కోతకు వచ్చి నిలబడి ఉన్నాయి. ఆ మాట చెప్పుకోవటానికే నీలవేణి వచ్చింది.

“ఆగక్కడ! మెట్టెక్కకు!” అని సత్యకుమారి కేకవేసింది. “ఏమిటా చీర? మోకాళ్ళు కనిపిస్తున్నాయి. మర్యాదస్థులుండే ఇంటికి వచ్చే వేషమేనా అది?”

“సేలోంచొత్తన్నానమ్మా. బాబుగోరికో మాట సెప్పుకోవాల.”

“పాదాల దాకా చీర కట్టుకునొచ్చి చెప్పుకో.”

“పాదాల దాకా కడితే కొండెక్కేదెలాగమ్మా?”

“అయితే ఎక్కకు. పో అవతలికి!”

నీలవేణి సర్వేశ్వరరావు వైపు చూసింది. ఆయనకు సరిగా ఆ క్షణంలోనే వార్తాపత్రికలో అత్యవసరంగా చదవవలసినదేదో కనిపించి, పత్రికను ముఖానికి అడ్డంగా ఎత్తుకున్నాడు. ఆమె వెనుదిరిగింది. నాలుగడుగులు వేసి, అందరికీ వినబడేటట్టు అంది:

“ఇనడానికి బాబుకి సెవుల్లేవు. సూడ్డానికి అమ్మకి మా మోకాళ్ళు తప్ప ఇంకేటీ లేవు.”

“విన్నారా ఆ పొగరు?” అంది సత్యకుమారి.

“వినలేదు,” అన్నాడు పత్రిక వెనుకనుంచి సర్వేశ్వరరావు.

సత్యకుమారికి కోపం రావటానికి ఆ రోజు వేరే కారణం అవసరం లేదు. విశాఖపట్నంలో మిషను స్కూలులో ఐదవ ఫారం వరకు చదివిన మనిషి. మంచుగూడకు వచ్చి నాలుగు నెలలైంది. పెట్టెలో పదకొండు పట్టుచీరలున్నాయి; వాటిని చూడటానికి కొండలు తప్ప ఎవరూ లేరు; కొండలు మంచులో మునిగి అవీ సరిగా చూడటంలేదు. ఇప్పుడు ఒక దొరసాని వస్తున్నది. అందులోనూ ఆ ఏటి వసంతంలో పారిస్ నగరం చూసి వచ్చిన దొరసాని.

ఆ దొరసాని ముందు ఏమి కట్టుకోవాలో చెప్పే పుస్తకం ఒకటి సత్యకుమారి ఒడిలో ఉంది. విశాఖపట్నంలో డాక్టరుగారి భార్య అయిన ఆమె బాల్యస్నేహితురాలు రెండు రోజుల గడువు మీద ఎరువిచ్చిన ఫ్యాషను పుస్తకం అది. పారిస్‌లో ఒక పొడుగాటి బల్లవేదిక మీద పడుచులు ఒకరి వెనుక ఒకరు కొత్త ఉడుపులు వేసుకుని నడిచివస్తారట. అటూ ఇటూ కుర్చీలు వేసుకుని ధనవంతులు చూస్తారట. అక్కడ నడిచినదే ఏడాదిపాటు లోకమంతా కట్టుకోవాలట.

“ఏవండీ, ఇలా చూడండి. ఈ ఏడు పారిస్‌లో నడుము కిందికి దిగింది.”

“ఎవరి నడుము?”

“అందరిదీనండీ! ఇదిగో, నడుము దగ్గర వదులుగా వదిలేసి, ఇక్కడ, తుంటి మీద, పూసల నడికట్టు కడుతున్నారు. ఏడు గుత్తులు. ఇది నేను పట్టుచీర మీద కట్టుకుంటాను.”

సర్వేశ్వరరావు బొమ్మలోకి వంగి చూశాడు. “వీళ్ళకీ మోకాళ్ళు కనిపిస్తున్నాయే?”

“అది ఫ్యాషనండీ.”

“మరి ఇందాక ఆ మనిషిది?”

“అది సిగ్గులేనితనం! మీకు చెప్పినా తెలీదు. ఊరుకోండి!”

ఆయన ఊరుకున్నాడు. ఈ రెండు రకాల మోకాళ్ళకూ మధ్యనున్న తేడా ఏ శాస్త్రంలో ఉన్నదో అడిగే ధైర్యం ఆయనకు లేదు. ఆయన ధైర్యమంతా వెట్టి ఉత్తరువులకే సరిపోయేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అలాంటి నడికట్టుకు పూసలు గుచ్చగలిగినది ఆ కొండల్లో నీలవేణి ఒక్కతే. పిలిచి బొమ్మ చూపించటానికి లేదు; అయిదు నిమిషాల క్రితమే మెట్ల మీదనుంచి తరిమివేశారు. పుస్తకాన్ని పంపించటానికీ లేదు. అది మరునాటి టపాలో తిరిగి వెళ్ళిపోవాలి. అందువల్ల సత్యకుమారి నమూనా ఒకటి చేసి పంపాలని నిశ్చయించుకుంది.

“వరహాలరావుగారూ, ఆ కట్టకున్న నాడా ఇలా ఇవ్వండి.”

కాగితాల కట్టలకు చుట్టే ఎర్రని నాడా అది. వరహాలరావు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “అమ్మగారూ, ఇది సర్కారు నాడా. దీనితో కట్టినది అర్జీల కట్ట...”

“ఇచ్చి తగలడవయ్యా,” అన్నాడు సర్వేశ్వరరావు. “పొద్దున్నే రెండో గొడవ నావల్ల కాదు.”

వరహాలరావు నాడా విప్పాడు. ఆ కట్టలో ఉన్నవి మూడేళ్ళుగా వచ్చిన వెట్టి అర్జీలు. కట్ట విప్పటం అదే మొదటిసారి.

సత్యకుమారి ఆ నాడాను తన తుంటి చుట్టూ కొలిచి, పూసల గుత్తి రావలసిన ప్రతి చోటా ఒక ముడి వేసింది. ఏడు గుత్తులకు ఏడు ముడులు. తరువాత అప్పన్నను నిలబెట్టి పావుగంటసేపు చెప్పింది: మొదటి ముడి దగ్గర ఎర్రపూసలు, రెండవదాని దగ్గర తెల్లవి, నడుమ ఇత్తడి గజ్జెలు, చివర కుచ్చు, సోమవారం పొద్దుటికి అందాలి, నీలవేణి చేతికే ఇవ్వాలి.

“సిత్తం అమ్మగోరు,” అన్నాడు అప్పన్న. ఆ పావుగంటలో అతని బుర్రలో నిలిచినది నీలవేణి పేరు మాత్రమే.

ఆ రోజు డుంబ్రిగుడ సంత. పనసగూడ ఎక్కాలంటే మూడు మైళ్ళు నిట్టనిలువుగా ఎక్కాలి. సంతలో జీలుగుకల్లు కుండల దగ్గరికి పోవాలంటే దిగితే చాలు. అప్పన్న దిగాడు. అక్కడ, అదృష్టవశాత్తు అని అతను అనుకున్నట్టుగా, పనసగూడ ఊరిపెద్ద భీముడే పసుపు కొమ్ములు అమ్ముతూ కనిపించాడు. అప్పన్న ఎర్రనాడాను అతని చేతిలో పెట్టాడు.

“కచేరీ బంగళాలోంచి. నీ కోడలికి. బేగి ఎల్లు.”

భీముడు నాడాను చూశాడు. ముడులు లెక్కపెట్టాడు. ఏడు. మరేమీ అడగలేదు. రెండు చేతులతో కళ్ళకద్దుకుని, అమ్మకం మధ్యలో ఆపి, కొండ ఎక్కాడు.

ఎందుకు అడగలేదని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ కొండల్లో ఒక ఊరు మరొక ఊరిని పిలవాలంటే మనిషి వచ్చి మాటలు చెప్పడు. ముడులు వేసిన తాడు వస్తుంది. ఎన్ని ముడులో అన్ని రోజుల గడువు. తాడు అందినవారు రోజుకొక ముడి చొప్పున విప్పుకుంటూ పోయి, చివరి ముడి విప్పిన ఉదయం పిలిచినవారి గుమ్మంలో ఉండాలి. ముడి ఉన్నంతవరకు మాట ఉన్నట్టు. తాడు తెచ్చినవాణ్ణి ఎందుకు, ఏమిటి అని అడగటం పిలిచినవాడి మాటను శంకించటమే; అంతకు మించిన అవమానం లేదు. సర్కారువారు ఏనాడూ తాడు పంపలేదు. ఎవరూ చదవలేని కాగితం పంపి, దానిని పాటించలేదని పట్టుకుపోయేవారు.

పనసగూడలో నీలవేణి మాత్రం తేలికగా నమ్మలేదు.

“నాను సెప్పుకుందారంటే మెట్టెక్కనిచ్చింది కాదు మామా ఆ అమ్మ. బాబేమో కాయితం ఎనకాల దాక్కున్నాడు. ఆలు పిలుత్తారా మనల్ని?”

“దాక్కున్నాడు గానీ ఇన్నాడు,” అన్నాడు భీముడు. “లేకపోతే నువ్వు ఎల్లొచ్చిన నాడే తాడొత్తాదేటే? ఇది సూడు. ఎర్రనాడా. ఆల కాయితాలకి తప్ప ఇంకెక్కడా ఉండదిది. కాయితం ఇడిసేసి, కాయితానికి కట్టే తాడే మనకంపేరంటే, అది కాయితం కంటే పెద్దమాట కాదేటి?”

“మన బాసలో పిలిసేరంటావు.”

“ఇన్నాళ్ళకి పిలిసేరు. ఇన్నాళ్ళ కోపం అప్పుడు కక్కుదుగాని, దాసుకో.”

అడవినారతో ఆ తాడుకు నకళ్ళు పేనారు. మిగతా నాలుగూళ్ళకు పంపారు. ఆ నాలుగూళ్ళవారు ఇంటికొక నకలు పేనారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అడగటం మర్యాద కాదు.

గురువారం మధ్యాహ్నానికి ఉప్పు వర్తకుడొకడు వరహాలరావు చెవిలో ఒక మాట ఊదాడు. వరహాలరావు ఆ వర్తకుడివద్దనుంచే ఒక నారతాడు సంపాదించి, పామును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని కచేరీలోకి వచ్చాడు.

“అయ్యా! అయిదూళ్ళలోనూ ఇవే తిరుగుతున్నాయి. ప్రతి ఇంట్లోనూ ఉందట. నాలుగు ముళ్ళు!”

సర్వేశ్వరరావు వేళ్ళ మీద లెక్కించాడు. శుక్ర, శని, ఆది, సోమ. ఆయన ముఖం మొదట తెల్లగా, పిమ్మట ఎర్రగా మారింది. ఆ ఏజెన్సీలో కొండవాళ్ళ తిరుగుబాటు, పితూరి, అణగి మూడేళ్ళు తిరిగాయి; ఆ మాట వింటే ఇప్పటికీ కచేరీలలో సిరాబుడ్లు ఒలికేవి.

“సరిగా దొరగారు వచ్చే రోజుకా! కృతఘ్నులు! వీళ్ళకేం తక్కువ చేశామయ్యా?”

వరహాలరావు కట్టులేక పడివున్న అర్జీల వైపు చూశాడు. జవాబు మూడడుగుల ఎత్తున ఉంది గాని అతను చెప్పలేదు. “పైకి రాద్దామా అండీ?” అన్నాడు.

“రాస్తే దొర రాడు. నా ఇలాకా నా చేతిలో లేదని నా పేరు మీద రాసుకుంటాడు. ఇక నేను ఈ మంచులోనే రిటైరవుతాను. నోరు మూసుకో. అమ్మగారికి తెలియకూడదు. అప్పన్నా, నీతోనే! ముళ్ళ తాడు అన్న మాట బంగళాలో వినబడిందంటే నీ బిళ్ళ ఊడబీకుతాను!”

నారతాడు వంక, దాని ముడుల వంక చూసిన అప్పన్నకు అప్పటికి విషయం అర్థమయింది. అర్థమయిన మరుక్షణం అతనికి జ్వరం వచ్చింది.

ఆ జ్వరంతోనే ఇంటి చూరు కింద పడుకున్న అతనిని సత్యకుమారి మూడు రోజులు వరసగా నిలదీసింది.

“నా నడికట్టు ఏదిరా?”

“తయారవుతందమ్మా.”

“ఆవిడొక్కతే చేస్తోందా, ఎవరైనా సాయం ఉన్నారా?”

“అయిదూళ్ళూ అదే పన్లో ఉన్నారమ్మా,” అని అప్పన్న దుప్పటి ముసుగుపెట్టాడు. అతని ఉద్యోగజీవితంలో అంత నిజమైన సమాధానం మరొకటి లేదు.

సోమవారం తెల్లవారింది. నడికట్టు రాలేదు. సత్యకుమారి కోపంతో కచేరీగదిలోకి వెళ్ళి మరొక కట్టనుంచి మరొక ఎర్రనాడా లాగి, ఏడు ముడులు వేసి, తన మెడలోని పగడాలు తెంపి వాటికి కట్టి, నీలిపట్టుచీర మీద తుంటికి బిగించుకుంది. భర్తకు చూపించాలని వెళ్ళింది. ఆయన చూసే స్థితిలో లేడు. బాణం దిగకుండా ఉంటుందని కోటు లోపల రెండు గొంగళ్ళు చుట్టుకుని, చేతులు పక్కలకు ఆనక, స్తంభంలా నిలబడి ఉన్నాడు. ఆ ఏటి పారిస్ పద్ధతిని అక్షరాలా పాటించి నడుమనేదే లేకుండా కనిపించిన మనిషి ఆ ఉదయం మంచుగూడలో ఆయన ఒక్కడే.

“ఎందుకండీ ఆ గొంగళ్ళు?”

“చలి!”

“చెమటలు కారుతున్నాయి!”

“చలిచెమటలు! లోపలికి పో!”

పది గంటలకు దొర, దొరసాని వచ్చి వరండాలో కుర్చీలలో కూర్చున్నారు. టీ ఇంకా కప్పులలో పడలేదు, ఎదుటి కొండనుంచి డప్పు వినిపించింది. పూసిన వలిసె చేల పసుపుదనం మధ్యనుంచి మనుషుల వరస ఒకటి దిగుతున్నది. వందమంది. రెండువందలు. ఇంకా దిగుతూనే ఉన్నారు. వరహాలరావు “అయ్యా!” అన్న ఒక్క మాటతో బల్లకిందికి చేరాడు. సర్వేశ్వరరావు గొంగళ్ళు సవరించుకున్నాడు.

దొరసాని మాత్రం లేచి నిలబడింది. ముందుకు వంగింది. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

కొండకూ బంగళాకూ మధ్యనున్నది వరిమళ్ళ గట్టు; దాని వెడల్పు జానెడు. జానెడు గట్టు మీద నడిచే మనిషి అడుగు ముందు అడుగే వేయాలి, మెడ నిలబెట్టాలి, పక్కలకు చూడకూడదు. ముందు ఆడవాళ్ళు వస్తున్నారు. తాడు పిలుపుకు వెళ్ళేవారు ఉన్న పూసలన్నీ వేసుకుని వెళ్ళటం అక్కడి ఆచారం. మోకాళ్ళ దగ్గర ఆగిపోయిన చీరలు. భుజాల వరకు బోడి చేతులు. మెడనుంచి బొడ్డు వరకు వేలాడే పూసల పేటలు. నడుమును వదిలేసి తుంటి మీద వదులుగా జారవిడిచి కట్టిన తాడు, దాని కుచ్చు తొడ మీద ఊగుతూ. ఒకరి వెనుక ఒకరు. ముందు నీలవేణి.

దొరసాని పట్టరాని ఉత్సాహంతో ఇంగ్లీషులో ఏదో అంది. దొర నవ్వాడు. సత్యకుమారి ముఖం మాడిపోయింది. ఆమెకు ఆ ఇంగ్లీషు అర్థమయింది.

“ఏమంటున్నారు?” అని సర్వేశ్వరరావు గుసగుసగా అడిగాడు. “మిలిటరీని పిలవమంటున్నారా?”

“పారిస్‌లో తను చూసింది ఇదేనట,” అంది సత్యకుమారి పళ్ళ బిగువున. “ఈ కోకలేనట. ఈ నడకేనట. అక్కడ బల్ల మీద నడిచినవాళ్ళు ఇంత బాగా నడవలేదట.”

దొరసాని మెట్లు దిగి, నీలవేణి చెయ్యి పట్టుకుని, వరండాలోకి ఎక్కించింది. ఏడు రోజుల క్రితం ఆమెను ఆపిన మెట్లు అవే; ఆపిన మనిషి ఆ పక్కనే నిలబడి దుబాసీ పని చేయవలసివచ్చింది.

“ఈ చీర ఇంత అందంగా ఇక్కడివరకే కత్తిరించమని నీకు ఎవరు చెప్పారని అడుగుతున్నారు,” అంది సత్యకుమారి, ఒక్కొక్క మాటా నమిలి.

“కత్తిరించడమేటమ్మా? బురదవ్వకుండా ఎత్తి కట్టుకున్నాం. మొన్న తమరు తిట్టిన సీరే ఇది.”

సత్యకుమారి చివరి వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. “ఈ నడికట్టు ఎవరు తయారుచేశారంటున్నారు.”

“నడికట్టు కాదమ్మా, కచేరీ తాడుకి నకలు. ఏడు ముళ్ళుండేవి. ఆకరిది పొద్దున్న ఇప్పేసి ఒచ్చేం.” నీలవేణి చూపు అప్పుడు సత్యకుమారి తుంటి మీద పడింది. అక్కడ ఎర్రనాడా. ఏడు ముడులు. ముడికొక పగడం. ఆమె ఆ నాడాను చూసింది, సత్యకుమారి ముఖాన్ని చూసింది, దూరంగా దుప్పటి కప్పుకుని స్తంభం చాటున నిలబడిన అప్పన్నను చూసింది. అందరికంటే ముందు సంగతంతా అర్థమయినది ఆమెకే. పెదవులు బిగించింది. “తమరి తాడుకి ఒక్క ముడీ ఇప్పలేదు. తమరు రావలసింది ఇంకో వారానికమ్మా.”

ఇంతలో దొర చిరునవ్వు మానివేశాడు. చిరునవ్వు మానితే ఆయన అధికారి. మెట్ల కింద మూడువందలమంది కూర్చున్నారు. డప్పు ఆగింది.

“ఎందుకు వచ్చినారు?” అన్నాడు దొర తెలుగులో.

భీముడు ముందుకు వచ్చాడు. “తమరు పిలిసేరు గదా బాబూ.”

“నేను పిలువలేదు.”

భీముడు మొలలోనుంచి ఎర్రనాడా తీసి దొర చేతిలో పెట్టాడు. దొర దానిని తిప్పి చూశాడు. కచేరీగది తలుపులోనుంచి కనిపిస్తున్న బల్లమీది కట్టల వైపు చూశాడు. అవే నాడాలు. పిమ్మట ఆయన చూపు మెల్లగా తిరిగివచ్చి సత్యకుమారి తుంటి మీద ఆగింది.

“సర్వేశ్వరరావ్. ఇది ఏమి?”

సత్యకుమారికి వారంరోజుల కోపం ఒక్కసారి గొంతుదాకా వచ్చింది. తన సొగసు దొరసాని కంటికి ఆననందుకు, నడికట్టు రానందుకు, తెంపిన పగడాలకు, తరిమిన మనిషికి తానే దుబాసీ అయినందుకు. “అది నా...” అని నోరు తెరిచింది.

సర్వేశ్వరరావు ఆ రెండు మాటలలో మిగిలిన కథంతా చూశాడు. సర్కారు నాడా, సర్కారు బంట్రోతు, భార్య నడికట్టు, దానికి హాజరైన అయిదూళ్ళ ప్రజలు. ఈ వాక్యం పూర్తయితే జిల్లాలోని ప్రతి క్లబ్బులోనూ తన పేరు చెప్పుకుని పదేళ్ళు నవ్వుతారు. నవ్వు పాలైన అధికారికి మైదానానికి బదిలీ ఉండదు.

“నేనే పిలిపించాను సర్!” అని అరిచాడు. “వీళ్ళ ఆచారం ప్రకారం, వీళ్ళ పద్ధతిలోనే, తాడు పంపి, నేనే!”

“ఎందుకు?”

ఎందుకన్నది ఆయన ఆలోచించుకోలేదు. ఆలోచించే వ్యవధి నీలవేణి ఇవ్వలేదు.

“ఎట్టి సంగతి ఇందామని,” అంది. “అంతే గదా బాబూ? అందుకే గదా పిలిసేరు?”

ఆ గొంతులో మర్యాద ఉంది, కళ్ళలో లేదు. సర్వేశ్వరరావు గొంగళ్ళలో కుంగిపోతూ “అంతే,” అన్నాడు.

“అయితే వినుము, సర్వేశ్వరరావ్,” అని దొర కాళ్ళు బారజాపి కూర్చున్నాడు.

“ఇనండి,” అంది నీలవేణి. “నిరుడు మా మొగోళ్ళని పట్టుకెళ్ళేరు. పది రోజులు. ఆలు మోసిందేటో తెలుసా? మనిసి కూకుని నీళ్ళోసుకునే తొట్టి. ఆ తొట్టి కొండెక్కీసరికి మా సేను పోయింది. నా మొగుడు దిగొచ్చి సేను సూసి, కొడవలి గట్టుమీద పెట్టేసి కూకుండిపోయేడు. కోయడానికేటుంది? నాలుగు నెలలు టెంకల జావ. మా ఊళ్ళో ఇద్దరు ముసలోళ్ళు ఆ జావ అరక్క పోయేరు. మీరు తొట్టికి సొట్టెలా పడిందని అడిగేరు. ఆలెలా పోయేరని ఒక్కరైనా అడిగేరా? ఈ ఏడూ సేను నిలబడుంది. రేపు మొగోళ్ళని పట్టుకెళ్తే ఎవులు కోత్తారు? బాబు కోత్తాడా? అమ్మ కోత్తాదా, ఆ సీర కట్టుకుని?”

బల్లకింద వరహాలరావు, మూడేళ్ళ అర్జీలలో తాను చదవకుండా కట్టినదంతా ఒక్క నిమిషంలో విని, అక్కడే తల వంచుకున్నాడు.

దొర దయామయుడేమీ కాడు. ‘స్థానికాచారమును గౌరవించి ప్రజలను సంప్రదించిన నూతన పద్ధతి’ అని పైకి వ్రాసుకోవటానికి ఒక మంచి పేరా దొరికిందని ఆయన అప్పటికే లెక్కవేసుకున్నాడు. ఎగువ కొండల చలిలో పదిరోజులు డేరాలలో ఉండాలన్న కోరిక దొరసానికి మొదటినుంచీ లేదు. “మకాము ఇక్కడే,” అన్నాడు. “తొట్టి కిందనే ఉండును. సర్వేశ్వరరావ్, వీరిని పిలిచినది నీవు కనుక, ఉత్తరువు నీవే వ్రాయుము.”

వరహాలరావును బల్లకిందనుంచి తీసి కలం, కాగితం తెప్పించారు. కోతల కాలంలో ఈ అయిదు గ్రామాలనుంచి మోతకు గాని మరే పనికి గాని మనుషులను బలవంతంగా తీసుకోరాదని సర్వేశ్వరరావు తన చేత్తోనే వ్రాశాడు. ‘సహకారం’ అని వ్రాయబోతే దొర వేలు పెట్టి కొట్టివేయించి, వెట్టి అని వ్రాయించాడు. సర్వేశ్వరరావు సంతకం చేశాడు. దొర కింద తన సంతకం పెట్టాడు.

“ఇది ఎన్నాళ్ళుంటాది బాబూ?” అని భీముడు అడిగాడు.

“తిరిగి ఉత్తరువులు వెలువడేవరకు.”

“అది మాకు తెలీదు. మేం సదవలేం. ముడెయ్యి. ముడున్నన్నాళ్ళు మాటున్నట్టు.”

సర్వేశ్వరరావు దొర వైపు చూశాడు. దొర తల ఊపాడు. సత్యకుమారి సొంత చేతులతో వేసిన ముడులన్నీ ఆ ఉదయానికి విప్పివేసిన ఆ మొదటి నాడాకే ఆయన ఒకే ఒక్క ముడి వేశాడు. దొర చూస్తున్నాడన్న హడావిడిలో అది చాలా గట్టిగా బిగిసింది.

“దీన్నెప్పుడిప్పాల?”

“మీ యిష్టము,” అన్నాడు దొర, అంతగా ఆలోచించకుండా.

“అయితే ఇప్పం,” అన్నాడు భీముడు.

నీలవేణి మెట్లు దిగబోతూ సత్యకుమారి దగ్గర ఒక్క క్షణం ఆగింది. “పూసలు గుచ్చించుకోవాలంటే మా ఊరు రా అమ్మా. సీర కాస్త ఎత్తి కట్టుకో. గట్టు జారుతాది.”

ఆ సాయంకాలం పనసగూడలో నీలవేణి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎర్రనాడా ముడి చెదరకుండా దాని చుట్టూ చుట్టి, వెదురుగొట్టంలో దోపి, నోటికి మైనం పెట్టి, ఎలుక అందుకోలేని ఎత్తున ఇంటి వాసాల మధ్య దాచింది. మరునాడు తెల్లవారగానే అయిదూళ్ళలోనూ కొడవళ్ళు చేలలోకి దిగాయి.

తరువాతి నెల పుస్తకంలో నడికట్టు పోయి బొత్తాలు వచ్చాయి. సర్వేశ్వరరావు వాటిని రెండుసార్లు లెక్కపెట్టి, ఎవరినీ పిలిచే సంఖ్య కాదని అప్పన్నచేత ధ్రువపరచుకున్న పిమ్మటనే భార్యను ఆ బొమ్మ చూడనిచ్చాడు.